అందరూ కూర్చోవలసిన పీరియడు

షోలాపూర్‌లో అశోక్ చౌక్‌కు దగ్గర్లో, ప్రభుత్వ సాయంతో నడిచే ఒక తెలుగు హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్లు తొమ్మిదో తరగతికి ఇంకో పాఠం కూడా చెప్పాను. పగారు, అంటే జీతం; పొదుపు, అప్పు, వడ్డీ, అప్పుకు హామీగా నిలిచే జామీను, బ్యాంకు, బీమా. టైమ్‌టేబుల్‌లో దాని పేరు ‘ఆర్థిక శిక్షణ’. పిల్లలకు మాత్రం అది ‘పైసల క్లాసు’.

ఈ మధ్య ఇలాంటి పాఠమే చెప్పబోతున్న కుర్ర టీచర్లు ఇద్దరు మా ఇంటికొచ్చారు. “ఎక్కడ మొదలుపెట్టాలె బాయీ?” అని అడిగారు. మా ఊళ్లో ఆడ టీచర్లను మరాఠీవాళ్లలాగే మేమూ ‘బాయి’ అంటాం. సిలబస్ వాళ్ల దగ్గర ఉంది, దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. అందులో లేని సంగతులు కొన్ని నాకు తెలుసు. అవి రాస్తున్నాను.

ఇష్టమున్నవాళ్లే వచ్చిన ఏడాది

ఈ క్లాసు పెడదామని నేనే అడిగాను. మా హెడ్మాస్టరు మల్లేశం సారు మంచి మనిషే గానీ పదో తరగతి బోర్డు ఫలితాలు తప్ప ఆయనకు ఇంకేదీ కనబడేది కాదు. “బడి టైములో కుదరదు బాయీ. బడి విడిచినంక చెప్పుకోండ్రి. ఇష్టమున్నోళ్లు కూసుంటరు” అన్నారు. సరేనన్నాను.

ఇష్టమున్నవాళ్లు ఎవరో తెలుసా? కిరాణా కొట్టు శెట్టిగారి అబ్బాయి, సొంత కార్ఖానా ఉన్న ఇంటి పిల్లలు ఇద్దరు, ఒక బ్యాంకు గుమాస్తా కూతురు. వాళ్ల ఇళ్లలో అన్నం తినేటప్పుడు కూడా వడ్డీ మాటలే నడుస్తాయి. నేను చెప్పేది వాళ్లకు సగం తెలిసిందే. బుద్ధిగా తలలూపి వెళ్లేవారు.

ఎవరికోసం ఈ క్లాసు అనుకున్నానో ఆ పిల్లలు గంట కొట్టగానే పరుగెత్తేవారు. ఆడపిల్లలకు ఇంటిదగ్గర తునికాకు కత్తిరించే పని ఉంటుంది. అమ్మ బీడీలు చుట్టాలంటే ఆకు తడి ఆరకముందే కత్తిరించి ఉండాలి కదా, ఎండితే విరిగిపోతుంది. మగపిల్లలు మగ్గాల కార్ఖానాలో కండెలకు నూలు చుట్టడానికి పోతారు. విడీ ఘర్కుల్ నుంచి వచ్చేవాళ్లకు షేర్ ఆటో దొరకడం కూడా ఒక సమస్యే. బీడీ పనివాళ్లకోసం కట్టిన ఆ కాలనీ మా బడికి బాగా దూరం.

ఇష్టం మీద వదిలిన చదువు ముందే తెలిసినవాళ్లకు చేరుతుంది. ఆ ఏడాది నాకు అర్థమైంది అదొక్కటే, కానీ చాలా గట్టిగా అర్థమైంది.

ఎదురింటోళ్లు

రెండో ఏడు సారును పట్టుకుని వదల్లేదు. చివరికి ఆయన బేరానికి వచ్చారు. తొమ్మిది ‘ఎ’ సెక్షన్‌కు మాత్రం వారానికి ఒక పీరియడు, అదీ నా లెక్కల పీరియడ్లలోంచే. ‘బి’ సెక్షన్ జోలికి పోవద్దు. అట్లా మొదలైంది.

మొదటి వారమే, మీ ఇంట్లో దేనికి ఎంత ఖర్చవుతుందో అడిగి రాసుకుని రమ్మని పిల్లలకు చెప్పాను. పుస్తకంలో అట్లాగే ఉంది. మరుసటి వారం క్లాసు సగం ఖాళీ. వచ్చినవాళ్లు కూడా తలలు దించుకుని కూర్చున్నారు. ఒక పిల్లను పక్కకు పిలిచి అడిగితే, “మా బాపు గుట్కాకు ఎంత పెడ్తడో అందరి ముంగట ఎట్ల సెప్పాలె బాయీ?” అంది.

ఆ రోజే ఆ పద్ధతి మానేశాను. పిల్లల ఇంటి గుట్టు బడిలో బయటపెట్టించే హక్కు టీచరుకు లేదు. దాని బదులు ఒక ఉత్తుత్తి కుటుంబాన్ని తయారుచేద్దామన్నాను. తండ్రి మగ్గం మీద, తల్లి బీడీల మీద, పిల్లలు ముగ్గురు, ఒక ముసలమ్మ. వాళ్లకేం పేరు పెడదామంటే వెనక బెంచీ నుంచి ఎవరో “ఎదురింటోళ్లు!” అన్నారు. క్లాసంతా నవ్వింది. అదే పేరు ఖాయమైంది.

ఇక చూడండి. ఎదురింటోళ్ల బాపు గుట్కాకు ఎంత పెడతాడో, ఎదురింటోళ్ల అమ్మ ఎవరికీ తెలియకుండా పప్పు డబ్బాలో ఏం దాస్తుందో, ఎదురింటోళ్ల పెద్దోడు ఫోను హప్తాల మీద కొని ఎన్ని నెలలు కట్టకుండా తిరుగుతున్నాడో, అన్నీ వరదలా బయటికొచ్చాయి. ఎవరిళ్ల సంగతులు చెబుతున్నారో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. కానీ ఎవరికీ సిగ్గనిపించలేదు.

అనురాధ ఆ క్లాసులోనే ఉండేది. విడీ ఘర్కుల్ పిల్ల. తండ్రి రాజేశం పవర్‌లూము కార్ఖానాలో పనిచేసేవాడు, తల్లి లక్ష్మి ఇంట్లో బీడీలు చుట్టేది. పిల్ల తక్కువ మాట్లాడేది. మాట్లాడితే మాత్రం సూటిగా అడిగేది.

అప్పు జామీను

అప్పుల పాఠానికి ఎవరినైనా బయటివాళ్లను పిలుద్దామని, తెలిసిన ఒక బ్యాంకు అధికారిని రమ్మన్నాను. ఇస్త్రీ చొక్కా, చక్కటి మాట. పిల్లలు కళ్లప్పగించి విన్నారు. వెళ్లేముందు ఆయన నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాడు. ‘ఎవరికీ, ఎప్పుడూ జామీను సంతకం పెట్టకూడదు.’ దాని కింద రెండు గీతలు కూడా గీశాడు. పిల్లలు రాసుకున్నారు. నేనూ బాగుందనే అనుకున్నాను.

నాలుగు రోజులు తిరక్కముందే రాజేశం బడికొచ్చాడు. కార్ఖానా నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, జుట్టు మీద నూలు పొట్టు అట్లాగే ఉంది. స్టాఫ్‌రూము గుమ్మంలోనే నిలబడి అరిచాడు.

“ఏంది బాయీ ఇది? పోరగాండ్లకు సదువు నేర్పుతున్రా, ఇండ్లల్ల లొల్లి పెట్టుడు నేర్పుతున్రా?”

కూర్చోమన్నా కూర్చోలేదు. జరిగింది ఇది. ఆయన బావ నర్సయ్య, అంటే అక్క భర్త, రెండు కొత్త మగ్గాలకు పత్‌సంస్థలో అప్పు అడిగాడు. పత్‌సంస్థ అంటే సభ్యులకు అప్పులిచ్చే సహకార సంఘం, ప్రతి పేటలోనూ ఒకటుంటుంది. వాళ్లు జామీను అడిగారు. నర్సయ్య కాగితాలు పట్టుకుని బామ్మర్ది ఇంటికొచ్చాడు. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే అనురాధ మధ్యలో లేచి, “బాపూ, సంతకం పెట్టకు. మామ కట్టకుంటే మనమే కట్టాలె. బడిల చెప్పిన్రు” అనేసింది.

“మా బావ చాయ్ కూడ ముట్టకుంట లేసిపోయిండు బాయీ. నాకు మగ్గం నేర్పిండు. మా నాయిన పోయినంక నా పెండ్లి చేసిండు. అసొంటి మనిషి ముంగట నా ఇజ్జత్ తీసింది నా బిడ్డ. మీరే నేర్పిన్రట!”

ఆయన చెప్పిన నర్సయ్య, నల్లబల్ల మీది వాక్యంలో ఎక్కడా లేడు. ఆ వాక్యం రాసిన అధికారికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఆయన ఎవరి జామీను లేకుండానే బతకగలడు. మా పేటల్లో సొంత మగ్గం పెట్టుకున్న ప్రతివాడి వెనకా ఇంకెవడో ఒకడి సంతకం ఉంటుంది.

రాజేశం వెళ్లాక మల్లేశం సారు నన్ను గదిలోకి పిలిచారు. “బందు పెట్టుండ్రి బాయీ. ఇగ చాలు. ఎల్లుండి పాలకుల మీటింగు ఉంది, అండ్ల ఈయన లేసి అరిస్తే నేనేం జవాబియ్యాలె?” తల్లిదండ్రులను మరాఠీలో పాలకులంటారు, మా సారుకూ అదే అలవాటు.

“మీటింగు దాకా ఆగండి సార్” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

విడీ ఘర్కుల్‌లో ఒక సాయంత్రం

మరుసటి రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాదించడానికి కాదు. అనురాధ ఆ రోజు బడికి రాలేదు, అది చూసి వెళ్లాను.

లక్ష్మి గుమ్మం దగ్గర చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పిల్ల లోపల ఆకు కత్తిరిస్తూ ఉంది, ఏడ్చిన మొహం. రాజేశం మంచం మీద కూర్చుని రండని మాత్రం అన్నాడు.

“పత్‌సంస్థవాళ్లు మీ జామీనుకు ఏం చూపమన్నారు?” అని అడిగాను. కార్ఖానా పనివాళ్లకు జీతం కాగితం ఉండదు కదా, అది తెలిసి అడిగాను.

“ఇల్లు ఉండాలె అన్నరు. ఇల్లుంది కదా” అన్నాడు.

“ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?”

ఆయన లక్ష్మి వైపు తలూపాడు. “దాని పేరు మీదనే. బీడీలోళ్ల కాలనీ కదా, ఆడోళ్ల పేరు మీదనే ఇచ్చిన్రు.”

“అయితే సంతకం లక్ష్మిది కూడా కావాలేమో?”

లక్ష్మి చేతులు ఆగలేదు. తల కూడా ఎత్తలేదు. “ఆ కాయిదంల నాకు గూడ ఒక జాగ ఉన్నది బాయీ. ఏడ సంతకం పెట్టాలెనో నర్సయ్యన్న చూపెట్టిండు. పెడ్తవా అని మాత్రం ఎవ్వరడగలే. ఈయన అడగలే, అన్న అడగలే. నోరు తెరిచింది ఈ పోరి ఒక్కతే, దాన్ని ఈయన కొట్టిండు.”

రాజేశం నేల చూపులు చూశాడు. సరిగ్గా అప్పుడే నర్సయ్య వచ్చాడు. కాగితాల విషయం తేల్చుకుందామని వచ్చినట్టున్నాడు. వయసు మీద పడుతున్న మనిషి, తెల్లటి టోపీ, మొహంలో ఏదో అలసట. నేను లేవబోయాను. లక్ష్మి, “కూసో బాయీ. ఇంటి మాట అయితే ఏంది? మీ బడి మాట గూడ అయితది కదా” అంది. చేట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి గోడకానుకుని కూర్చుంది.

“అన్నా, ఒక్క మాట అడుగుత, కోపం చేయకు. నువ్వు మాకు చేసింది మేం మర్సిపోలే. రెండు మగ్గాలు ఎందుకే?”

నర్సయ్య గుమ్మం పక్కన పీట మీద కూర్చున్నాడు.

“టవాళ్ల ఆర్డర్లు ఉన్నయా రెండింటికి? ఆర్డర్లు రాని నెల హప్తా ఏడికెల్లి కడ్తవు? నా ఇల్లు పోతదని అడుగుతలే. నువ్వు తిప్పల పడ్తవేమోనని అడుగుతున్న.”

పెద్దాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “నాకు ఒక్కటే చాల్ చెల్లే” అన్నాడు. “రెండు తీసుకుంటే ధర తగ్గిస్తనన్నడు మగ్గాల దలాలు. నా పెద్దకొడుకు గూడ ఎగిరిండు. నాకైతే నిద్ర పడ్తలేదు. ఎవ్వరితోని చెప్పాలె? అందరు సంతకం పెడ్తనే అన్నరు గని, ఎందుకు, ఎంత అని ఒక్కలు అడగలే.”

ఆ మాట విని రాజేశం లేచి బావ పక్కకొచ్చి కూర్చున్నాడు. అనురాధ లోపల్నుంచి చాయ్ తెచ్చి ముందుగా మామ ముందే పెట్టింది. ఈసారి ఆయన తాగాడు.

నేను కూడా తాగి ఆటో ఎక్కాను. దారంతా నల్లబల్ల మీది వాక్యాన్ని మనసులో తిరగరాసుకుంటూ వచ్చాను. మరుసటి వారం క్లాసులో పిల్లల పుస్తకాల్లో దాన్ని కొట్టేయించి, వాళ్లతోనే వేరేది రాయించాను. జామీను అడిగినవాణ్ని ఏమేం అడగాలి, ఎట్లా మర్యాదగా అడగాలి, ఎంతవరకు ఒప్పుకోవాలి. ఎదురింటోళ్ల బావగా ఒకడు, బామ్మర్దిగా ఒకడు నిలబడి మాట్లాడేవారు. నేను చెప్పిన పాఠాలన్నిట్లో మంచిది అదే.

మీటింగు

పాలకుల మీటింగుకు ఎప్పుడూ తల్లులే ఎక్కువ వస్తారు. ఆ రోజు రాజేశం కూడా వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. మల్లేశం సారు ఫలితాల గురించి, ఫీజుల గురించి చెప్పి, గొంతు సవరించుకుని పైసల క్లాసు దగ్గరకొచ్చారు. “కొందరికి ఇది నచ్చుతలేదని మాకు తెలిసింది. పాలకులు వద్దంటే బందు పెడ్తం” అన్నారు.

రాజేశం లేచాడు. సారు నా వైపు చూశారు, చెప్పానా అన్నట్టు.

“సార్, మొన్న వచ్చి లొల్లి చేసింది నేనే” అన్నాడు రాజేశం. “నా ఇంట్ల పంచాయితీ ఎందుకైందో చెప్తా. నా బిడ్డ ఒక్కతే అడిగింది. ఒక్కతే అడిగితే ఏమైతది? నమ్మిక లేదంటరు, నోరెక్కువంటరు. మా బావ చిన్నకొడుకు మీ బి సెక్షన్‌లనే ఉన్నడు. వాడు గూడ ఇదే నేర్సుకుంటే, వాళ్లింట్ల వాడే అడుగుతుండె. అప్పుడు ఇజ్జత్ పోయే మాటే లేకుండె. ఒక్కలు అడిగితే లొల్లి సార్. అందరు అడిగితే అది రివాజు అయితది. పెడ్తే అందరికి పెట్టుండ్రి, లేకుంటే బందు చేయుండ్రి.”

తల్లుల వైపు నుంచి “బరోబర్, బరోబర్” అని వినబడింది. ఒకావిడ, “మరి మా పిల్ల బి ల ఉన్నది, దానికెందుకు లేదు?” అని గట్టిగా అడిగింది. ఇంకొకామె ఎనిమిదో తరగతికి కూడా పెట్టమంది.

ఈ పాఠం అన్ని ప్రభుత్వ బడుల్లో అందరికీ తప్పనిసరిగా ఉండాలా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను వేరే కారణాలు వెతకను. రాజేశం మాటే చెబుతాను. డబ్బు విషయంలో ప్రశ్న అడగడం మన దగ్గర అనుమానం కింద లెక్క. ఒక్క పిల్ల నేర్చుకుంటే ఆ అనుమానం ఆ పిల్ల మీద పడుతుంది. బడి మొత్తం నేర్చుకుంటే ఎవరి మీదా పడదు.

మల్లేశం సారు ఆ రాత్రంతా టైమ్‌టేబుల్‌తో కుస్తీ పట్టారట. సోమవారం చూస్తే ‘బి’ సెక్షన్‌కు కూడా పీరియడు ఉంది. ఏ సబ్జెక్టు కోసేశారా అని చూశాను. తాను చెప్పే చరిత్ర పీరియడు ఒకటి ఇచ్చేశారు. దాని గురించి నాతో ఒక్క మాట అనలేదు. బడిని ఫలితాలతో కొలిచే హెడ్మాస్టర్ల మీద నాకు చాలా ఫిర్యాదులుండేవి. ఆయన మీద మాత్రం ఆ రోజు నుంచి మానుకున్నాను.

ఈ పాఠం చేయలేనిది

కొత్త టీచర్లకు ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఈ క్లాసు వల్ల ఎవరూ ధనవంతులు కారు. పొదుపు పాఠం చెబుతుంటే ఒక పిల్ల, “బాయీ, ఎదురింటోళ్లకు పగారే తక్కువ. ఎట్ల రాసినా సరిపోతలేదు” అంది. నిజమే. బీడీల కూలీ తక్కువైతే ఏ బడ్జెట్టూ దాన్ని పెంచదు. ఆ మాటను మింగేసి, ‘మీ అమ్మకు ఖర్చు చేయడం రాదు’ అనే అర్థం వచ్చేలా పాఠం చెబితే మనం పిల్లలకు ద్రోహం చేసినట్టే. కూలీ ఎవరు నిర్ణయిస్తారు, ఎట్లా పెరుగుతుంది అనేది కూడా ఈ పాఠంలో భాగమే. నేను అదీ చెప్పాను.

నర్సయ్య ఒక్క మగ్గమే కొన్నాడు. రాజేశం, లక్ష్మి ఇద్దరూ సంతకాలు పెట్టారు. అంతా సుఖంగా నడిచిందనుకోకండి. ఒక ఏడు టవాళ్లకు గిరాకీ లేక హప్తాలు ఆగాయి, పత్‌సంస్థ మనిషి రాజేశం ఇంటికి కూడా వచ్చాడు. కానీ ఆ కబురు నర్సయ్యే ముందుగా వచ్చి చెప్పి వెళ్లాడట. ముందే తెలిసిన కష్టం కనుక రెండిళ్లవాళ్లూ కలిసి గట్టెక్కించారు. రాకపోకలు ఆగలేదు. నాకు అది చాలు.

బ్యాంకు తెరిచి ఉండే శనివారం

నేను రిటైరయ్యే ఏడాది కొందరు తల్లులు బడికొచ్చి, పిల్లలకు చెప్పినట్టే మాకూ ఏటీఎం చూపమన్నారు. అప్పటికి బీడీ కూలీ నేరుగా వాళ్ల ఖాతాల్లోనే పడుతోంది. ఖాతా ఆడవాళ్లది, కార్డు మాత్రం ఇంట్లో మగవాళ్ల జేబులో ఉండేది. మగవాళ్లు తెచ్చి ఇచ్చినంత తీసుకోవడమే ఆడవాళ్ల పని.

శనివారాల్లో మా బడి మధ్యాహ్నానికి ముందే విడుస్తుంది. బ్యాంకు తెరిచి ఉండే శనివారం చూసి అందరం అశోక్ చౌక్ వెళ్లాం. లక్ష్మి కూడా వచ్చింది. రాజేశం కార్డు తనంతట తనే ఇచ్చాడని, ఇచ్చేటప్పుడు మాత్రం “జర పైలం” అన్నాడని నవ్వుతూ చెప్పింది.

అనురాధ అప్పటికి కాలేజీలో చేరింది. తల్లి పక్కన నిలబడింది గానీ మీటలు నొక్కలేదు. పిన్ను నొక్కేటప్పుడు వెనక్కి తిరిగి నిలబడింది కూడా, నేను క్లాసులో చెప్పినట్టే. లక్ష్మి ఒక్కొక్క అంకె చూసుకుని నొక్కింది. మెషీను గరగరమని ఐదువందల నోటు ఒకటి బయటపెట్టింది. లక్ష్మి దాన్ని తీసి, రెండు వైపులా తిప్పి చూసి, మళ్లీ మెషీను నోటి దగ్గర పెట్టింది.

“ఇగ లోపల పెట్టు” అంది కూతురితో.

“అమ్మా! ఇది తీసుకోదే. ఎందుకు తీసినవు మరి?”

“వస్తదా రాదా అని చూసిన. వచ్చింది కదా, ఇగ వాపస్ పెట్టు.”

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. పైసలు వేయాలంటే లోపల కౌంటరు దగ్గరకు వెళ్లాలని వాచ్‌మన్ చెప్పాడు. వద్దులే, చీరె కొనుక్కో అని తోటి ఆడవాళ్లు అన్నారు. లక్ష్మి వినలేదు. కొంగు నడుముకు చుట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని బ్యాంకులోకి వెళ్లింది. వరుసలో నిలబడింది. చలానా అనురాధను రాయనీయక, కౌంటరు దగ్గరి అమ్మాయిని అడిగి అడిగి తనే తెలుగులో రాసిందని అనురాధ తర్వాత చెప్పింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు. చదివి వినిపించమంటే లక్ష్మే మరాఠీలో చదివి వినిపించిందట. మిగతావాళ్లం బయట ఎండలో చెరుకురసం తాగుతూ ఎదురుచూశాం.

చివరికి బయటికొచ్చింది. రసీదు మడిచి రవికలో పెట్టుకుని, చెమట తుడుచుకుంది.

“ఏంది లక్ష్మీ, ఇంత తిప్పల ఎందుకు పడ్డవు?” అన్నాను.

“తీసెడిది వచ్చింది, ఏసెడిది గూడ వచ్చింది బాయీ” అంది. “ఇగ నడువుండ్రి, ఆకు ఎండుతున్నది.”